కట్టడం ఎవరిది?

ఒక కట్టడం అందంగా ఉన్నదని అనడానికి దానిని కట్టినవారి బ్రతుకు మనకు తెలిసి ఉండాలా? తెలిసిన తరువాత ఆ అందం తరుగుతుందా, పెరుగుతుందా, లేక అట్లాగే ఉంటుందా? శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ మనలో చాలామందికి బడి రోజుల్లోనే కంఠతా వచ్చింది. కంఠతా రావడంలో ఒక చిక్కు ఉన్నది. ప్రశ్న పాట అయిపోతుంది. పాటకు ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు గదా! ఆగ్రా వెళ్ళిన తెలుగువాడు కూలివాళ్ళను ఒక్క క్షణం తలచుకొని, ఆ తలపుతోనే బాకీ తీరిపోయినట్లు ఫోటో తీయించుకొని వస్తాడు.

ఈ ప్రశ్నను మూడు చర్చీల దగ్గర నిలబెట్టి చూడాలని నా ప్రయత్నం. మూడూ గోథిక్ పద్ధతివే. ఒకటి జర్మనీలో, ఒకటి మనం ఉంటున్న సింగపూరులో, ఒకటి మన మెదకులో. నేను క్రైస్తవురాలిని కాను; ఈ వ్యాసం మతం గురించీ కాదు. చర్చీలనే ఎందుకు తీసుకున్నావంటారా? వాటిని కట్టిన తీరు గూర్చి రికార్డు దొరుకుతుంది. మన గుడుల విషయంలో శాసనం రాజుగారి పేరు, దానం చేసిన భూమి, దీపానికి ఇచ్చిన ఆవులు, అన్నీ చెబుతుంది. రాయి లాగినవాని సంగతి చెప్పదు. రామప్ప గుడి ఒక్కటి కొంత మినహాయింపు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని జనం దేవుడి పేరుతో కాక, శిల్పిదని చెప్పుకునే పేరుతో పిలుస్తున్నారు. అయితే రామప్ప కూడా మేస్త్రీల పై మేస్త్రే. ఆయన కింద మోసినవాళ్ళు మళ్ళీ పేరులేనివాళ్ళే.

ముందు జర్మనీ సంగతి. డ్యూసెల్‌డార్ఫులో ఏటా నవంబరులో వైద్య పరికరాల ప్రదర్శన ఒకటి పెద్దఎత్తున జరుగుతుంది. ఆ పనిమీద వెళ్ళినప్పుడు ఒక పూట ఖాళీ చేసుకొని పక్కనే ఉన్న కొలోన్ నగరానికి రైలెక్కాను. స్టేషను తలుపు దాటగానే ఎదురుగా కేథడ్రల్. 157 మీటర్ల జంట శిఖరాలు. తల వెనక్కి వంచితే గాని కొన కనబడదు. ఇది 1248లో మొదలయింది. పదహారవ శతాబ్దంలో డబ్బు, ఉత్సాహం రెండూ అడుగంటి పని ఆగిపోయింది. సగం లేచిన దక్షిణపు గోపురం మీద రాళ్ళెత్తే చెక్క క్రేను నాలుగు వందల ఏళ్ళపాటు అట్లాగే నిలిచి, ఊరికి గుర్తు అయిపోయింది. మళ్ళీ 1842లో పని మొదలై 1880లో పూర్తి అయింది. మొత్తం 632 సంవత్సరాలు! ఈ పని పూర్తయిన రోజున ప్రపంచం అంతమవుతుందని ఆ ఊరివాళ్ళు వేళాకోళంగా చెప్పుకుంటారట. ఇప్పటికీ ఏదో ఒక మూల సారువ కట్టి మరమ్మతు చేస్తూనే ఉంటారు.

గోథిక్ పద్ధతి కిటుకు వైద్యులకు తొందరగా బోధపడుతుంది. మొనదేలిన కమానులు పైకప్పు బరువును పక్కటెముకల్లాగా పంచుకొని స్తంభాలకు, గోడ వెలుపల నిలబెట్టిన ఊతకమానులకు అందిస్తాయి. ఆ విధంగా గోడకు బరువు మోసే పని తప్పుతుంది. పని తప్పిన గోడను తీసివేసి రంగుటద్దాల కిటికీలు పెట్టేశారు. అంటే లోపల మనం చూచే వెలుగంతా బయట ఎక్కడో ఎవరో బరువు మోస్తూ ఉండబట్టి వచ్చినదే. ఈ మాట ఇంజనీరింగు మాటగానే వ్రాశాను గాని, వ్రాశాక ఇంకో అర్థం కూడా కనబడుతున్నది.

533 మెట్లెక్కి గోపురం పైకి వెళ్ళాను. (మోకాళ్ళు అరిగినవారికి ఈ సాహసం వద్దని వైద్యురాలిగా నా సలహా.) అయితే నాకు బాగా గుర్తుండిపోయినది కొండంత శిఖరం కాదు, మధ్యయుగపు రాతిపనివారి అలవాటు ఒకటి. యూరపులోని పాత చర్చీల రాళ్ళమీద చిన్న చిన్న గీతల గుర్తులు కనబడుతూ ఉంటాయి: ఒక బాణం, ఒక కొక్కెం, రెండు గీతల కలయిక. రాతికి ఇంత అని కూలి లెక్క కట్టే చోట, ‘ఈ రాయి చెక్కినది నేను’ అని చూపడానికి పనివాడు వేసుకున్న గుర్తు అది. ఇందులో కవిత్వం ఏమీ లేదు, కేవలం జీతం లెక్క. కాని ఆ లెక్కలోనే ఒక మర్యాద ఉన్నది. పనివాడు తన గుర్తు రాతిమీద వేశాడు. రాతి బాగోగులకు తాను పూచీ. డబ్బుకు యజమాని పూచీ.

ఇప్పుడు మన ఊరికి వద్దాము. సిటీ హాల్ రైల్వే స్టేషను పైనే పచ్చికబయలు మధ్య తెల్లగా నిలబడి ఉండే సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్‌ను చూడనివారు మన సంఘంలో ఉండరు. లోపలికి వెళ్ళినవారు ఎందరో నాకు అనుమానమే. అక్కడ మొదట 1830లలో కోల్మన్ అనే శిల్పి ప్లాను మీద కట్టిన చర్చి ఒకటి ఉండేది. దానిమీద 1845లో ఒకసారి, 1849లో మరొకసారి పిడుగు పడింది. 1852లో మూసివేసి, 1855లో పడగొట్టారు. ఇప్పుడున్నదానికి 1856 మార్చిలో శంకుస్థాపన జరిగింది, 1862 జనవరిలో ప్రతిష్ఠ చేశారు. ప్లాను గీసినది రోనల్డ్ మెక్‌ఫర్సన్. ఆయన ఇంజనీరు, దానితోబాటు ఖైదీల సూపరింటెండెంటు కూడా. ఆ రెండు ఉద్యోగాలు ఒకరికే ఇవ్వడంలో గొప్ప సౌకర్యం ఉన్నది. ఎందుచేతనంటే ఆ చర్చి కట్టినది మన దేశపు ఖైదీలు.

1825 నుండి 1873 వరకు సింగపూరు మనవాళ్ళకు ద్వీపాంతరవాసపు ఊరు. బెంగాలు, మద్రాసు, బొంబాయి రాజధానులలో శిక్షపడినవారిని ఓడల్లో ఇక్కడికి పంపేవారు. రోడ్లు వేసినదీ, చిత్తడి పూడ్చినదీ, ఇటుకలు కాల్చినదీ వాళ్ళే. ఈనాడు దేశాధ్యక్షుడు ఉండే ఇస్తానా భవనం 1869లో కట్టినదీ వాళ్ళే. మన గోదావరి, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణం, కడప, బళ్ళారి ప్రాంతాలన్నీ ఆనాటి మద్రాసు రాజధానిలోనివే గనుక, ఆ ఓడల్లో తెలుగు మాట వినబడి ఉంటుందనుకోవడం ఊహాగానం కాదు. మనం ఇంజనీర్లుగా, డాక్టర్లుగా విమానం దిగి ‘మా తరమే మొదట వచ్చింది’ అని అప్పుడప్పుడు మురుసుకుంటూ ఉంటాము. మనకన్నా నూరేళ్ళకు పైగా ముందు, టిక్కెట్టు కొనకుండానే వచ్చినవాళ్ళున్నారు.

మెక్‌ఫర్సన్ తరువాత పని చూచిన మెక్‌నైర్ అనే మేజరు, 1899లో మరొకరితో కలిసి ఆ ఖైదీల గూర్చి ఒక పుస్తకం వ్రాశాడు. ఖైదీలమీద ఖైదీలనే కాపలా పెట్టిన పద్ధతి గొప్పదని ఆయన చెప్పుకున్నాడు. అందులో చర్చి లోపలి గోడలకు పూసిన గచ్చు వివరం ఉన్నది. దానికి మద్రాసు చునాం అని పేరు. ఇసుక కలపని మేలురకం గుల్లసున్నం. అందులో గుడ్డు తెల్లసొన, బెల్లం వేసి ముద్దగా దంచడం. కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో కలపడం. పూసి ఆరిన తరువాత నున్నటి రాళ్ళతో రుద్ది రుద్ది మెరుగుపెట్టడం. పైన బలపంరాతి పొడి అద్దడం. చదువుతుంటే వంటల పుస్తకంలా ఉన్నది. మా తాతగారి ఇంటి నడవ స్తంభాలకు ఇట్లాంటి గచ్చే ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు దానికి చెంప ఆనించి కూర్చునేవాళ్ళం. గాజులా చల్లగా ఉండేది. ఇంగ్లండులోని పాడుబడ్డ మఠం చర్చి నమూనా మీద, సముద్రం ఇవతల, మన పల్లెటూరి తాపీ విద్యతో లేచిన గోడలు ఇవి. జర్మనీ గోథిక్‌కు ఆ చల్లదనం లేదు.

చర్చి తూర్పువైపు మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. అవి రాఫిల్స్, క్రాఫర్డ్, బటర్‌వర్త్ అనే ముగ్గురు అధికారుల జ్ఞాపకార్థం పెట్టినవి. మెక్‌ఫర్సన్ పేర ఊళ్ళో రోడ్డున్నది. మెక్‌నైర్ పేర కూడా ఉన్నది. గచ్చు రుద్దినవారి గుర్తు గోడమీద లేదు. గుర్తు మాత్రం ఉండేది, వేరే చోట. 1849లో రద్దు చేసేదాకా బెంగాలు, మద్రాసు రాజధానుల్లో యావజ్జీవ ఖైదీల నుదుటిమీద వాళ్ళ నేరం పచ్చబొట్టు పొడిచేవారు. 1856లో ఆ ఇటుకలు మోసిన ముసలి ఖైదీల్లో కొందరి నుదుళ్ళమీద ఆ అక్షరాలు ఉండే ఉంటాయి. కొలోన్ పనివాడు తన గుర్తు తానే రాతిమీద వేసుకున్నాడు. ఇక్కడి పనివాని మీద గుర్తు దొరవారు వేశారు. ఈ రెండు పక్కపక్కన పెట్టి చూచిన తరువాత నాకు కొన్నాళ్ళు ఆ తెల్లగోడలు చూడబుద్ధి కాలేదు.

కాని వాదానికి అవతలి వైపు కూడా ఉన్నది, దానిని దాటవేయకూడదు. నేరాలు చేసినవాళ్ళే గదా, శిక్షగా పనిచేస్తే తప్పేమిటి అంటారు. అందులో అందరూ హంతకులు కారు. అయినా, అందరూ హంతకులే అనుకుందాము. వాళ్ళకు పని నేర్పారు. తాపీ, కమ్మరం, వడ్రంగం వచ్చాయి. మంచి నడవడి ఉన్నవాళ్ళకు సెలవు చీటీ ఇచ్చి బయట బ్రతకనిచ్చారు. చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. ఆ కాలపు జైళ్ళతో పోలిస్తే ఇది నయమే. ఒప్పుకుంటాను. ‘మిగతావాటికన్నా నయం’ అన్న మాట చెప్పినవాడు అబద్ధం చెప్పడంలేదు. అయితే మనం అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ గోడ ఎవరిది అని మనం అడిగితే, కట్టినవానికి అన్నం పెట్టాము అని చెబుతున్నాడు.

ఇదే మాట మెదకులో మరింత బలంగా వినబడుతుంది. హైదరాబాదువాళ్ళు పిక్నిక్కులకు వెళ్ళి చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ పూనుకొని 1914లో మొదలుపెట్టించిన ఆ చర్చి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. చార్మినారును మించిపోయిందని నిజాము ప్రభుత్వంలో కొందరు కినుక వహించారని కథగా చెప్పుకుంటారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే లండను చిత్రకారుడి రంగుటద్దాల కిటికీలు ఎండ పొద్దున వెలిగితే, నిలబడ్డవాడు మాట మరచిపోతాడు. ఇదంతా ఒకెత్తు. ఆ పదేళ్ళలోనే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, ధరలు మండాయి, కరువులు వచ్చాయి, రోగాలు వచ్చాయి. తిండిలేక వచ్చినవారికి ఆయన చర్చి పని ఇచ్చి, పనికి గింజలు ఇచ్చాడు. ఊళ్ళు ఆ గింజలమీద బ్రతికాయని ఈనాటికీ అక్కడివారు చెప్పుకుంటారు.

ఆకలితో ఎదుట నిలబడ్డవానికి గింజలు ఊరికే పెట్టక రాయి ఎందుకు మోయించాలి? నా మనసులో మొదట పుట్టిన ప్రశ్న ఇదే. ఊరికే పెడితే మనిషి మర్యాద పోతుంది అన్నది మామూలుగా చెప్పే జవాబు. కడుపు నిండినవాళ్ళు ఈ జవాబు చెప్పినప్పుడల్లా నాకు అనుమానం వస్తుంది. కాని ఇది కడుపు ఖాళీగా ఉన్నవాళ్ళు కూడా చెబుతారని 2020లో తెలిసింది. ఆ ఏప్రిల్ నుండి చాలా నెలలు తువాస్ మొదలైన చోట్ల పనివారి డార్మిటరీలన్నీ మూసివేశారు. మూడు లక్షల ఇరవైమూడు వేలమందిలో దాదాపు సగంమందికి కరోనా సోకిందని ఆ డిసెంబరులో ప్రభుత్వమే ప్రకటించింది. గదికి అన్నం పొట్లాలు వచ్చేవి. అన్నం బాగులేదని అన్నవాళ్ళున్నారు. ఎక్కువమంది నాతో అన్నది వేరు. శ్రీకాకుళం వైపు మనిషి ఒకతను, “ఊరికే కూకోబెట్టి మేపుతుంటే సిగ్గేస్తందమ్మా” అన్నాడు. కనుక పోస్నెట్ ఆలోచన వట్టి నెపం అని నేను అనలేను.

అయితే పనికి తిండి అనే పద్ధతి ఎంత దారుణంగా మారగలదో మన ప్రాంతమే చూచింది. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చిపెట్టింది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో మగవాని కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లరగా తగ్గించాడు. పౌను అంటే 454 గ్రాములు. బియ్యమే అనుకుంటే సుమారు పదహారు వందల కేలరీలు. మట్టి తవ్వి తట్టలు మోసేవానికి మూడు వేలు చాలవు. అంటే రోజూ పనికి వెళ్ళిన పాపానికే మనిషి తన కండను తాను తిని, చిక్కి చనిపోతాడు. ఆ లెక్క వేసి ‘ఇది చాలదు’ అని పోట్లాడినవాడు మద్రాసు ప్రభుత్వ శానిటరీ కమిషనరు డబ్ల్యు. ఆర్. కార్నిష్, వైద్యుడు. ఆ ఏడాదే కూలి పెంచక తప్పలేదు. మా వృత్తిలో ఎవరి బొమ్మైనా గోడకు తగిలించుకోవాలంటే నేను ఈయనది తగిలిస్తాను. మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపిన బకింగ్‌హామ్ కాలువ భాగం ఆ కరువు పనే. ఒకనాడు మన కోస్తానుండి మద్రాసు దాకా పడవలు నడిచిన కాలువలో అదొక ముక్క.

ఇక్కడ ఆగి చూస్తే, తిండి చాలినంత పెట్టారా లేదా అన్నది మొదటి మెట్టు మాత్రమేనని తెలుస్తుంది. సింగపూరు ఖైదీలకు బహుశా కడుపు నిండింది. మెదకులో గింజలు ప్రాణాలు నిలిపాయి. మరి మెదకు చర్చి ముందు నాకు కలిగిన ఊరట, ఇక్కడి చర్చి ముందు ఎందుకు కలగదు? చాలా కాలం దీనిని నా తెలుగు అభిమానం అనుకున్నాను. అది కొంత ఉండవచ్చు. కాని అసలు కారణం తలుపు.

మెదకులో రాయి మోసినవాళ్ళు ఎవరు? ఆ ప్రాంతంలో మిషను చుట్టూ చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి గుడికి రాళ్ళు మోయడానికి పనికివచ్చి, ధ్వజస్తంభం దాటడానికి పనికిరానివారు. తరతరాలుగా తాము కట్టిన గోడకు బయటనే నిలబడినవాళ్ళు, 1924 క్రిస్మస్‌నాడు తాము మోసిన రాళ్ళ కింద, లోపల, నడుమ కూర్చున్నారు. ఇవాళ క్రిస్మస్‌కు ఎడ్లబండి కాలం నుండి వస్తున్న కుటుంబాలవారు తమ ముత్తాత ఇక్కడ పనిచేశాడని చెప్పుకోవడంలో దైన్యం వినబడదు. అదొక హక్కులా చెబుతారు. కొలోన్ పనివాని గుర్తు రాతిమీద ఉంటే, వీళ్ళ గుర్తు ఆ మాటలో ఉన్నది.

గింజలకు మతం మారినవాళ్ళు అని మన కాఫీ కబుర్లలో తేలికగా అనేస్తూ ఉంటాము. ఆకలిగొన్నవాడు తీసుకున్న నిర్ణయం పూర్తిగా అతని ఇష్టమేనా అన్నది న్యాయమైన ప్రశ్నే, నేనూ అడుగుతాను. కాని అతను ఏ తలుపులోకి వెళ్ళాడని అడిగేవాడు, అంతకుముందు ఏ తలుపు అతనికి మూసి ఉన్నదో కూడా అడగాలి. కరువు పోయి నూరేళ్ళయింది. మనుమలు, మునిమనుమలు గింజలకోసం అక్కడ కూర్చోవడంలేదు. మొదటి తరంది ఇష్టమో, అవసరమో మనం తేల్చలేకపోయినా, నాలుగో తరంది ఇష్టమే.

సింగపూరు ఖైదీకి ఆ తలుపుతో పని లేదు. అతను హిందువో, మహమ్మదీయుడో, చర్చి దొరలది. గచ్చు రుద్ది, చేతులు కడుక్కొని, బ్రాస్ బాసా దగ్గర జైలుకు నడిచివెళ్ళాడు. 1942 ఫిబ్రవరిలో ఊరు జపానువారి చేతికి చిక్కబోయే రోజుల్లో మాత్రం ఆ చర్చిని అత్యవసర ఆసుపత్రిగా మార్చారు. ఆ కొద్ది రోజులు గోడలు అందరివీ అయి ఉంటాయి. నెత్తురుకు జాతి చూచే తీరిక ఎవరికుంటుంది?

ఇదంతా నాకు ఎందుకు పట్టిందో చెప్పాలి. తువాస్‌లో మా క్లినిక్కుకు వచ్చేవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది షిప్‌యార్డుల, కట్టుబడి పనుల వాళ్ళు. ఉత్తరాంధ్ర, తెలంగాణ మనుషులు, తమిళులు, బంగ్లాదేశీయులు. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన తువాస్ ఓడరేవు మొదటి దశకు పదంతస్తుల ఎత్తున్న కాంక్రీటు పెట్టెలు 221 సముద్రంలో దించారు. 2040లలో మొత్తం పూర్తి అయ్యేసరికి ప్రపంచంలోకెల్లా పెద్ద స్వయంచాలిత రేవు అవుతుందంటారు. కొలోన్ గోపురం చూచి నోరెళ్ళబెట్టినవాళ్ళం దీన్ని చూచి ఎందుకు నోరెళ్ళబెట్టమో నాకు అర్థం కాదు. కిటికీలకు రంగుటద్దాలు లేవు కాబోలు.

ఒకనాడు తాపీమేస్త్రి ఒకతను వచ్చాడు. చూపుడువేలు కొన నలిగింది, ఎముక చిట్లింది. కట్టు కట్టి రెండు వారాలు సెలవు వ్రాయబోయాను. “రెండ్రోజులు సాలు డాక్టరమ్మా. పద్నాలుగు రాసేస్తే ఓటీ పోతాది. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరనేదు” అన్నాడు. నొప్పి లేదా అంటే, లేదని అబద్ధం ఆడాడు. బలవంతం ఏదీ లేదు; ఎవరూ వెంట రాలేదు; తన ఇష్టప్రకారమే అడుగుతున్నాడు. అయితే ఇష్టం అంటే ఏమిటి? ఆపరేషనుకు ముందు రోగి సంతకం తీసుకునేటప్పుడు మాకు నేర్పే మొదటి పాఠం ఒకటున్నది: కాదని అనగలిగిన మనిషి చెప్పిన ‘ఔను’కే విలువ. ఈయన ఏ ‘కాదు’ అనగలడు? శ్రీకాకుళంలో తాకట్టు పెట్టిన అర ఎకరం కాదంటుందా, కూతురి కాలేజీ ఫీజు కాదంటుందా? అట్లాగని, ఖైదీకీ ఈయనకూ తేడా లేదని అనడం అతిశయోక్తి మాత్రమే కాదు, ఈయనను అవమానించడం కూడా. ఈయన రావాలనుకొని వచ్చాడు, లెక్క వేసుకొని వచ్చాడు, పదేళ్ళలో పెంకుటిల్లు డాబా చేశాడు. ఖైదీ అంటే నా ముఖాన కొడతాడు. ఇద్దరి మధ్యన ఎక్కడో, మెదకు కరువు కూలీకి దగ్గరగా ఉన్నాడనుకుంటాను: మర్యాదతో పనిచేస్తున్నాడు, కాదనే దారి సన్నంగా ఉన్నది.

వేలికి ఎంత అవసరమో అంతే, పద్నాలుగు రోజులూ వ్రాశాను. కోపంగా వెళ్ళిపోయాడు. సెలవు చీటీ వ్రాయడం కలం పని. అప్పు తీర్చడం నా కలానికి రాదు. కార్నిష్ దొర లెక్క వేసి ఊరుకోలేదు, పైవాళ్ళతో పోట్లాడాడు. మన సంఘంలో కట్టుబడి కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవారు, మానవ వనరుల శాఖల్లో ఉన్నవారు, న్యాయవాదులు ఉన్నారు. సెలవు రోజుల జీతం ఏ పద్దతిలో ఇస్తే ఓటీ పోగొట్టుకున్నవాడు నష్టపోడో నాకన్నా వారికి బాగా తెలుసు. ఉగాది సంబరాలకు మనం హాలు తీసుకున్నప్పుడు, తువాస్ నుండి వచ్చే తెలుగువారికి తలుపు దగ్గర ఎట్లాంటి పలకరింపు దొరుకుతున్నదో కూడా అందరికీ తెలుసు. టిక్కెట్టు ధర సంగతి నేను కమిటీకి వేరే వ్రాస్తాను.

ఇక ఆ తెల్లగోడల అందం మాటేమిటి? పోలేదు. కథ తెలిసిన తరువాత కొన్నాళ్ళు మసకబారి, తిరిగి వచ్చింది. కాని ఇప్పుడు తల ఎత్తి తూర్పు కిటికీల వైపు చూడను. దగ్గరకు వెళ్ళి, మనిషి చెయ్యి అందేంత ఎత్తులో గోడను చూస్తాను. చెయ్యెత్తు దాటాక సారువ కట్టి ఉంటారు. పైన రుద్దినవాడు మెడ విరుచుకొని రుద్ది ఉంటాడు. మెచ్చుకోలు కిటికీల్లోని దొరలకు పంపక, చిరునామా తెలియని ఆ చేతులకు పంపడానికి ప్రయత్నిస్తున్నాను.

ఆ తాపీమేస్త్రి కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ వచ్చాడు. కోపం చల్లారింది. మాటల్లో ఈ చర్చి సంగతి, గచ్చు సంగతి చెప్పాను. బెల్లం, గుడ్డుసొన అనగానే ముఖం వెలిగింది. తమ తాత గానుగలో సున్నం తిప్పేవాడట. కరక్కాయ నీళ్ళు కూడా పోసేవారట, ఇక్కడివాళ్ళు పొయ్యలేదా అని అడిగాడు. పుస్తకంలో లేదన్నాను. కాసేపు ఆలోచించి, “తెల్లసొన గోడకేసేరు సరే. పచ్చసొన ఎవులు తిన్నారమ్మా?” అన్నాడు. మెక్‌నైర్ పుస్తకంలో ఆ సంగతీ లేదు. నర్సమ్మతో సహా ముగ్గురం నవ్వాము.

ఆ గచ్చు ఒకసారి తడిమి చూడాలన్నాడు. తువాస్ లింకులో ఎక్కితే సిటీ హాల్లో దిగడమే, మధ్యలో రైలు మారనక్కరలేదని చెప్పాను.

“టికెట్టుంటాదా?”

“లేదు.”

“మనల్ని లోనికి రానిస్తారా?”

రానిస్తారన్నాను. ఆదివారం డ్యూటీ పడకపోతే వెళ్తానన్నాడు.